కారవాన్ బ్రేక్ కంట్రోలర్: ఏది కొనాలి, ఎలా సెట్ చేయాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఈ విషయం అడిగేవాళ్ళు రెండు రకాలు. కొందరు ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉంటూ కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లు లాంటి బండి) కొన్నవాళ్ళు, వాళ్ళ దగ్గరకి వెళ్ళి సెలవుల్లో దాన్ని నడపబోయే అమ్మానాన్నలు, బావమరుదులు. ఇంకొందరు ఇక్కడే స్కార్పియోకో వీ-క్రాస్‌కో తగిలించడానికి ఫుడ్ ట్రైలరో, చిన్న కారవానో కట్టించుకుంటున్నవాళ్ళు. అందరూ మొదట అడిగేది "ఏ కంట్రోలర్ కొనాలి" అనే. మంచిదే కొనండి, కాదనను, కానీ దానికంటే ముందు చక్రం దగ్గర డ్రమ్ముని పట్టుకునే బ్రేకు షూలు సరిగ్గా సర్ది ఉన్నాయా, ఎర్తు వైరు గట్టిగా ఉందా చూడండి. ఆ రెండూ తేడాగా ఉంటే ఎంత ఖరీదైన కంట్రోలర్ బిగించినా బండి ఆగదు. కింద చెప్పేదంతా ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఈ కంట్రోలర్ చేసేదేమిటి? మా ట్రాక్టర్ ట్రాలీకి ఇలాంటిదేమీ లేదు కదా?

లేదు, నిజమే. సంకిలి ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు మెల్లగా పోతుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాం. అదే కారుకి టన్నున్నర బరువు తగిలించి హైవే మీద ఎనభైలో వెళ్తూ ఒక్కసారి బ్రేకు కొడితే, దిగుడులో ఎడ్ల మీదికి బండి తోసుకొచ్చినట్టు వెనకున్న బరువంతా కారు మీదికి వస్తుంది. కారు బ్రేకులు కారు కోసం పెట్టినవి, ఇంకో టన్నున్నర కోసం కాదు. వెనక బండి తన బరువు తానే ఆపుకోవాలి.

ఎలక్ట్రిక్ బ్రేకులో డ్రమ్ము లోపల ఒక లివరు, దాని చివర ఒక విద్యుదయస్కాంతం ఉంటాయి. కరెంటు రాగానే ఆ మాగ్నెట్ తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుని దాంతోపాటు కాస్త జరుగుతుంది, ఆ జరగడంలో లివరు తిరిగి షూలని బయటికి నెడుతుంది, షూలు డ్రమ్ముని పట్టుకుంటాయి. ఎంత కరెంటు ఇస్తే అంత పట్టు. ఆ కరెంటు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో నిర్ణయించేదే డాష్‌బోర్డు దగ్గర పెట్టే కంట్రోలర్. కారు పెడల్‌కీ వెనక చక్రాలకీ మధ్య ఆయిల్ పైపు ఉండదు, గాలి పైపు ఉండదు, ఉన్నది వైరు ఒక్కటే. అందుకే వైరింగ్ గురించి ఇంతలా చెప్తున్నాను.

ఎంత బరువు దాటితే బ్రేకు పెట్టాలి?

ఆస్ట్రేలియాలో లెక్క స్పష్టంగా ఉంది. ట్రైలరుని కారుకి తగిలించాక, సామాను నింపాక, దాని చక్రాల మీద పడే బరువు 750 కిలోల లోపు ఉంటే బ్రేకులు తప్పనిసరి కాదు. అది దాటి 2,000 కిలోల దాకా అయితే కనీసం ఒక యాక్సిల్ చక్రాలకి ఉండాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, దానికితోడు, హుక్కు ఊడిపోతే ట్రైలరు దానంతట అదే బ్రేకు వేసుకునేలా చేసే బ్రేక్‌అవే కూడా ఉండాలి. అమెరికాలో రాష్ట్రానికో రూలు, మీవాళ్ళుండే రాష్ట్రానిది చూసుకోండి. యూరప్ కారవాన్లలో ఎక్కువగా కనిపించేది వేరే పద్ధతి, హుక్కు మీద పడే తోపుడుతోనే పనిచేసే ఓవర్‌రన్ బ్రేకు. దానికి డాష్‌బోర్డు కంట్రోలర్ అక్కర్లేదు. కాబట్టి కొనేముందు వెనక ఉన్న బ్రేకు ఏ రకమో వంగి చూడండి.

ఇక్కడ కట్టించుకునేవాళ్ళు కూడా ఆ 750 అంకెనే హద్దుగా పెట్టుకోండని నా సలహా. ఖాళీ డబ్బా బరువు కాదు, గ్యాస్ సిలిండరు, నీళ్ళ ట్యాంకు, గ్రైండరు, ఫ్రిజ్జు అన్నీ పెట్టాక వేబ్రిడ్జి మీద తూయించిన బరువు. కాగితం మీద ఆరువందలున్న ట్రైలరు కాటా ఎక్కితే తొమ్మిదివందలు చూపించడం మామూలే.

టైం-డిలే, ప్రొపోర్షనల్ అని రెండు రకాలు చెప్తున్నారు. తేడా ఏమిటి?

టైం-డిలే రకానికి తెలిసింది ఒక్కటే, మీ బ్రేకు లైటు వెలిగిందని. వెలగగానే ముందే మీరు పెట్టిన స్థాయి దాకా కరెంటుని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. మీరు పెడల్ మీద కాలు ఆనించారా, మొత్తం తొక్కేశారా దానికి తెలీదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటోల మధ్య అడుగడుగునా కాలు ఆనిస్తూ వెళ్ళేటప్పుడు ఆనించిన ప్రతిసారీ వెనక బండి గుంజుతుంది. అదే ఒక్కసారిగా ఆపాల్సి వచ్చినప్పుడు పూర్తి బలం రావడానికి అర క్షణం ఆలస్యమవుతుంది.

ప్రొపోర్షనల్ దాంట్లో సెన్సరు ఉంటుంది. కారు వేగం ఎంత గట్టిగా తగ్గుతోందో అది పసిగట్టి అంతకి తగ్గట్టు వెనక కరెంటు ఇస్తుంది. మెల్లగా ఆపితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా.

కుటుంబాన్ని ఎక్కించుకుని లాగేవాళ్ళు ప్రొపోర్షనల్‌కే వెళ్ళండి. టైం-డిలే చవక, సెన్సరు లేదు కాబట్టి ఏ కోణంలో బిగించినా నడుస్తుంది, పొలం పనికో, ఏడాదికి రెండుసార్లు పడవ ట్రైలరుని బారువ తీరానికో భావనపాడుకో తీసుకెళ్ళేవాళ్ళకో సరిపోవచ్చు. కారవాన్‌కి మాత్రం ఆ తేడా డబ్బు మిగుల్చుకోవద్దు.

పేరు చెప్పండి అన్నా, ఏది తీసుకోమంటారు?

అమెరికాలో ఉన్నవాళ్ళ నోట ఎక్కువగా వినిపించేది టెకాన్షా ప్రాడిజీ పీ3. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళ నోట రెడార్క్ టో-ప్రో ఎలీట్. రెండూ ప్రొపోర్షనలే. పీ3 ఒక పెద్ద డబ్బా, తెర ఉంటుంది, మోకాలి పైన డాష్ కింద బిగిస్తారు. టో-ప్రోలో అసలు యూనిట్ డాష్ లోపల ఎక్కడో దాగి ఉంటుంది, బయటికి 0 నుంచి 10 దాకా తిప్పే చిన్న నాబ్ ఒక్కటే కనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగులు, మోకాళ్ళు, పిల్లల కాళ్ళు ఇవన్నీ ఆలోచిస్తే నాకు రెండోదే నచ్చుతుంది. పైగా దాంట్లో సెన్సరుని పక్కనపెట్టి మీరు పెట్టిన స్థాయికే వెళ్ళే ఇంకో మోడ్ ఉంది, మెత్తటి ఇసుక, కంకర దారుల్లో అది పనికొస్తుంది.

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి వాటిలో కంపెనీయే కంట్రోలర్ పెట్టి ఇచ్చే మోడళ్ళున్నాయి. కొత్తది కొనేముందు మీ బండి మాన్యువల్ ఒకసారి తిరగేయండి, ఉన్నదాని మీద ఇంకోటి కొనేవాళ్ళున్నారు.

బ్లూటూత్‌వి బాగుంటాయా?

ఒకే కారవాన్‌ని ఇంట్లో రెండు మూడు బండ్లతో లాగుతుంటే బాగుంటాయి, ప్రతి కారుకీ వైరింగ్ చేయించక్కర్లేదు. ఎలెక్‌బ్రేక్స్ లాంటివి ట్రైలరు మీదే ఉంటాయి. ఒక్క ఇబ్బంది, అవసరమైన క్షణంలో చేతికి అందేది ఫోను తెర కాకూడదు, గుండీ కావాలి. విడిగా రిమోట్ గుండీ వచ్చే రకం దొరికితే అదే తీసుకోండి.

మామూలు ఆటో ఎలక్ట్రీషియన్ బిగించగలడా?

వైరింగ్ తెలిసిన మేస్త్రీ ఎవరైనా బిగించగలడు. సాలూరు లారీ షెడ్లలో చేయి తిరిగినవాళ్ళకి ఇది పెద్ద పనేం కాదు. కానీ నాలుగు విషయాల దగ్గర మీరే పక్కన నిలబడండి.

ఈ కంట్రోలర్లలో సాధారణంగా నాలుగు వైర్లు వస్తాయి. నలుపు బ్యాటరీ ప్లస్, తెలుపు ఎర్తు, ఎరుపు బ్రేకు లైటు స్విచ్చి, నీలం వెనక బ్రేకులకి వెళ్ళేది. మన దగ్గర నలుపంటే ఎర్తు, ఎరుపంటే ప్లస్ అని చేతికి అలవాటైపోయింది, ఆ అలవాటుతో కలిపితే కంట్రోలర్ మొదటి నిమిషంలోనే పోతుంది. రంగు చూసి కాదు, కంట్రోలర్‌తో వచ్చే వైరింగ్ షీటు చూసి, మీటరు పెట్టి కలపమనండి.

నల్ల వైరు బ్యాటరీ నుంచే రావాలి, డాష్ కింద ఏదో ఫ్యూజు దగ్గర నుంచి లాక్కోకూడదు. మధ్యలో సర్క్యూట్ బ్రేకర్ ఉండాలి, రెండు లేదా నాలుగు చక్రాల బ్రేకులకి 20 ఆంపియర్లది, ఆరు, ఆపైన ఉంటే 30ది. నీలం వైరు కారు ముందు నుంచి వెనక దాకా, అక్కడినుంచి కారవాన్ యాక్సిల్ దాకా పోవాలి కాబట్టి అంత దూరం సన్నటి వైరు వేస్తే మాగ్నెట్ దగ్గరికి చేరేసరికి వోల్టేజీ సగం దారిలోనే పోతుంది. 12 గేజ్ కంటే సన్నది ఒప్పుకోవద్దు.

ఇక ఎర్తు. కారు బాడీకి ఒక స్క్రూ, ట్రైలరు ఛాసిస్‌కి ఒక స్క్రూ వేసి, మధ్యలో హుక్కు ఇనుమే ఎర్తు అనుకోవడం మనకి బాగా అలవాటు. హుక్కు బంతి మీద గ్రీజు ఉంటుంది, రంగు ఉంటుంది, తుప్పు ఉంటుంది. దాన్ని నమ్ముకుంటే బ్రేకు ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. సాకెట్ గుండా విడిగా మందమైన ఎర్తు వైరు లాగించండి. ఎక్కువ ఫిర్యాదులకి మందు ఈ ఒక్క వైరే.

కొత్త కార్లలో బ్రేకు లైటు వైరుని కంప్యూటర్ చూసుకుంటుంది, ఎక్కడ పడితే అక్కడ గుచ్చితే వార్నింగ్ లైట్లు వస్తాయి. ఆ మోడల్‌కి రెడీమేడ్ జీను (ప్లగ్గులతో సహా వచ్చే వైర్ల కట్ట) దొరికితే డబ్బు చూడకుండా అదే కొనండి.

మాది 24 వోల్టుల బండి. దానికి పెట్టచ్చా?

మాగ్నెట్లు మామూలుగా 12 వోల్టులవి. నేరుగా 24 ఇస్తే కాలిపోతాయి. 12, 24 రెండింటికీ పనికొచ్చే కంట్రోలర్లు ఉన్నాయి, టో-ప్రో ఎలీట్ అలాంటిదే. షీటు మీద ఆ మాట రాసి ఉంటేనే కొనండి.

డ్రమ్ము దగ్గర సర్దుబాటు ఎలా చేయాలి?

అందరూ దాటేసే పని ఇదే. కంట్రోలర్ నాబ్ తిప్పడం మీద ఉన్న శ్రద్ధ ఇక్కడ ఉండదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ట్రైలరుని చదునైన నేల మీద పెట్టి, ముందూ వెనకా చక్రాలకి రాళ్ళో చెక్కలో అడ్డం పెట్టండి. జాకీ ఛాసిస్ కింద పెట్టండి, యాక్సిల్ ట్యూబు కింద వద్దు, వంగే ప్రమాదం ఉంది. చక్రం లేచాక కింద స్టాండు పెట్టాలి, ఉత్త జాకీ మీద నమ్మకంతో కింద దూరద్దు. బ్రేకు ప్లేటు వెనక అడుగు భాగంలో చిన్న కంత ఉంటుంది, దానికి రబ్బరు మూత. మూత తీసి టార్చి వేస్తే పళ్ళ చక్రం ఒకటి కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో ఒక్కో పన్నూ తిప్పుతూ, రెండో చేత్తో టైరుని ముందుకి వెళ్ళే దిశలో తిప్పుతూ ఉండండి. షూలు బిగుసుకుంటూ వస్తాయి. టైరు తిప్పడం బాగా కష్టమయ్యేదాకా బిగించి, అక్కడినుంచి వెనక్కి వదలండి. టైరు స్వేచ్ఛగా తిరగాలి, కానీ చెవి పెట్టి వింటే షూ మీదుండే లైనర్ డ్రమ్ముకి సన్నగా రాసుకుంటున్న సుయ్‌మనే చప్పుడు రావాలి. ఆ చప్పుడు దగ్గర ఆగండి. రెండో వైపు చక్రం కూడా సరిగ్గా అంతే పట్టు ఉండాలి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

కొత్త బ్రేకులైతే మొదటి 320 కిలోమీటర్ల దగ్గర ఒకసారి మళ్ళీ సర్దాలి, ఎందుకంటే కొత్త లైనర్ డ్రమ్ముకి అమరేటప్పుడు త్వరగా అరుగుతుంది. తర్వాత సుమారు 4,800 కిలోమీటర్లకోసారి. తమంతట తామే సర్దుకునే రకాలు కూడా ఉన్నాయి, వాటిని కెలకద్దు.

యాక్సిల్ ఇక్కడే బిగించుకున్నవాళ్ళకి ఇంకో మాట. రెండు షూల్లో లైనర్ పొట్టిగా ఉన్నది బండి ముందు వైపుకి రావాలి. ఎడమ చక్రం బ్రేకు సెట్టు కుడికి, కుడిది ఎడమకి వేసేస్తే చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. బేరింగుకి గ్రీజు పెట్టేటప్పుడు లైనర్ మీద పడితే తుడిచి వాడేద్దాం అనుకోవద్దు, అది పీల్చేసుకుంటుంది, షూలు మార్చేయాల్సిందే.

సరే, గెయిన్ (వెనక బ్రేకులకి ఎంత బలం వెళ్ళాలో నాబ్ తిప్పి పెట్టే అంకె) ఎంత పెట్టాలి? స్నేహితుడు 6 పెట్టమన్నాడు.

ఆయన బండికి ఆరు. మీ అంకె మీ బండి, మీ బరువు, ఆ రోజు రోడ్డు చెప్తాయి.

బయల్దేరే రోజున వేసుకెళ్ళే సామానంతా వేసి చేయండి, ఖాళీ బండితో కాదు. హైవే మీద వద్దు. ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్లలో పొడిగా, చదునుగా ఉండే తారు రోడ్లు దొరుకుతాయి, పొద్దున్నే మనుషులు, పశువులు లేని వేళ చూసుకోండి. ముందు కొద్దిసార్లు మెల్లగా బ్రేకు వేసి డ్రమ్ములు కాస్త వేడెక్కనివ్వండి, చల్లటి బ్రేకుతో పెట్టిన సెట్టింగ్ తర్వాత మారిపోతుంది.

ఇప్పుడు నాబ్ తక్కువలో పెట్టి గంటకి 40 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ, కాలు పెడల్ మీద పెట్టకుండా, కంట్రోలర్ మీదున్న చేతి లివరు కానీ గుండీ కానీ పూర్తిగా వాడండి. వెనక బండి ఒక్కటే బ్రేకు వేస్తుంది, కారుని వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు తెలుస్తుంది. సరిపోకపోతే కొంచెం పెంచి మళ్ళీ. అలా పెంచుకుంటూ పోతే ఒక దగ్గర వెనక టైర్లు బిగుసుకుని రోడ్డు మీద జారతాయి, బయట నిలబడ్డ మనిషికి ఆ చప్పుడు, నల్ల గీత రెండూ తెలుస్తాయి. అక్కడినుంచి కొంచెం తగ్గించండి. టైరు బిగుసుకోవడానికి ఒక్క మెట్టు కింద, అదే మీ అంకె. బరువైన కారవాన్ అయితే టైర్లు ఎప్పటికీ బిగుసుకోకపోవచ్చు, అప్పుడు గట్టిగా, సూటిగా ఆగే స్థాయి దగ్గర ఆపండి.

బయట నిలబడే మనిషి తప్పనిసరి. డ్రైవరు సీట్లోంచి వెనక టైరు జారడం ప్రతిసారీ తెలీదు.

నాబ్ చివరిదాకా తిప్పినా ఏమీ పట్టట్లేదంటే మళ్ళీ డ్రమ్ము దగ్గరికి, ఎర్తు దగ్గరికి వెళ్ళండి. గెయిన్ పెంచి ఆ లోపాలని దాచలేం.

ఒకసారి పెడితే ఇక చూడక్కర్లేదా?

ప్రతి ప్రయాణానికీ చూడాలి. నీళ్ళ ట్యాంకు నిండా ఉన్నప్పటి అంకె వేరు, ఖాళీ అయినప్పటిది వేరు. వాన పడితే తగ్గించాలి, లేకపోతే తడి రోడ్డు మీద టైరు త్వరగా బిగుసుకుంటుంది. మట్టి, కంకర, ఇసుక దారుల్లో ఇంకా తగ్గించాలి. బయల్దేరాక మొదటి రెండు వందల గజాల్లోనే మెల్లగా వెళ్తూ చేతి గుండీ ఒకసారి నొక్కి వెనక బండి పట్టుకుంటోందా చూసుకోవడం అలవాటు చేసుకోండి. దానికి పట్టేది పది సెకన్లు.

పీ3లో బూస్ట్ అని ఉంది, అదేమిటి?

బ్రేకు తొక్కగానే మొదటి క్షణంలో వెనక ఎంత బలంతో మొదలవ్వాలో చెప్పేది. కారు కంటే ట్రైలరు తేలికైతే తక్కువ బూస్ట్ చాలు, బరువైతే ఎక్కువ కావాలి. ముందు గెయిన్ సెట్ చేసి, ఆ తర్వాతే దీన్ని ముట్టుకోండి. రెండూ కలిపి తిప్పితే ఏది ఏం చేసిందో తెలీదు.

ఎస్.కోట నుంచి అరకు ఘాట్, సాలూరు నుంచి సుంకి ఘాట్: దిగేటప్పుడు చేతి గుండీ నొక్కి పట్టుకోవచ్చా?

వద్దు. అసలు వద్దు. ఎలక్ట్రిక్ బ్రేకులు డ్రమ్ము బ్రేకులే. దిగుడంతా రాసుకుంటూ వస్తే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, చివరి మలుపు దగ్గర అవసరమైనప్పుడు ఏమీ ఉండదు. ఎక్కిన గేరులోనే దిగండి అని లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడా అంతే. దిగుడు మొదలవ్వకముందే గేరు తగ్గించి ఇంజన్ మీద బండిని పట్టుకోండి, వేగం పెరిగినప్పుడు పెడల్‌ని గట్టిగా ఒకసారి తొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయండి. ఆటోమేటిక్ బండైతే డీ లోనే వదిలేయకుండా మాన్యువల్‌గా కింది గేరు పెట్టండి. కాలిన లైనర్ వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకి ఆపి డ్రమ్ముల్ని వాటంతట అవే చల్లారనివ్వండి, నీళ్ళు పోయద్దు.

వెనక బండి పాములా ఊగుతోంది. ఏం చేయాలి?

చేతి గుండీ నిజంగా ఉన్నది దీనికోసమే. పెడల్ తొక్కకండి, స్టీరింగ్‌తో అటూ ఇటూ సరిచేయబోకండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీస్తూ, చేతి గుండీతో వెనక బ్రేకు మాత్రమే వేయండి. వెనక బండి వెనక్కి గుంజుకుని సూటిగా వస్తుంది. అందుకే కంట్రోలర్ కొన్న రోజే కళ్ళు తిప్పకుండా గుండీ చేతికి అందుతోందా చూడాలి. ఇంట్లో ఎవరు నడుపుతారో వాళ్ళందరికీ, పక్క సీట్లో కూర్చునేవాళ్ళకి కూడా అది ఎక్కడుందో చూపించండి.

ఊగడానికి అసలు కారణం చాలాసార్లు సామాను సర్దిన తీరే. హుక్కు మీద పడే బరువు మొత్తం ట్రైలరు బరువులో సుమారు పదో వంతు ఉండాలి. వెనక బంపరు దగ్గర సైకిళ్ళు, నీళ్ళ డబ్బాలు వేలాడదీస్తే హుక్కు తేలికై ఊగుడు మొదలవుతుంది. దాన్ని బ్రేకుతో కాదు, సామాను ముందుకి జరిపి సరిచేయాలి.

తెర మీద ట్రైలర్ కనెక్ట్ కాలేదని వస్తోంది, లైట్లు మాత్రం వెలుగుతున్నాయి.

లైట్లవి వేరే పిన్నులు. బ్రేకు పిన్ను, ఎర్తు పిన్ను చూడండి. మన తీరంలో, కళింగపట్నం, బారువ, భీమిలి వైపు తిరిగే బండ్లకి ఉప్పు గాలితో పిన్నుల మీద పచ్చటి పూత పేరుకుంటుంది. సన్నటి గరుకు కాగితంతో తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

అయినా పోకపోతే మీటరు తీయండి. 10 లేదా 12 అంగుళాల బ్రేకులో ఒక్కో మాగ్నెట్, వైరు విప్పి కొలిస్తే సుమారు 3.2 ఓములు చూపించాలి. అసలు చూపించకపోతే లోపల తీగ తెగింది, సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్. కంట్రోలర్ పూర్తిగా పెట్టి నీలం వైరులో ఆంపియర్లు కొలిస్తే ఒక్కో మాగ్నెట్‌కి సుమారు 3 చొప్పున రెండు చక్రాలకి 6, నాలుగింటికి 12 రావాలి. నాలుగు చక్రాల బండిలో తొమ్మిదే వస్తే ఒక చక్రం పని చేయట్లేదన్నమాట. ఈ ఒక్క కొలతతో సగం రోజు వెతుకులాట తప్పుతుంది.

బ్రేక్‌అవే ఎందుకు? సేఫ్టీ చైన్లు ఉన్నాయి కదా?

చైను బండిని దగ్గర ఉంచుతుంది, ఆపదు. హుక్కు ఊడిపోయినప్పుడు కారుకి కట్టిన సన్నటి తీగ స్విచ్చిలోంచి పిన్నుని లాగేస్తుంది, ట్రైలరు మీదున్న చిన్న బ్యాటరీ బ్రేకులకి కరెంటు ఇస్తుంది. ఆస్ట్రేలియా రూలు ప్రకారం అది కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. ఆ తీగని చైనుకి కట్టకండి, కారుకే కట్టండి. నెలకోసారి పిన్ను లాగి, కారుతో మెల్లగా ముందుకి జరిపి చూడండి, చక్రాలు తిరగకూడదు. బ్యాటరీ చచ్చి ఉంటే అది ఉన్నా లేనట్టే.

సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ కొనచ్చా?

పని చేస్తున్నది చూసి కొనచ్చు, జీను, షీటు రెండూ ఉంటేనే. మాగ్నెట్లు, షూలు మాత్రం పాతవి కొనద్దు.

ఇక్కడ కట్టించుకున్న ట్రైలరుకి రిజిస్ట్రేషన్ కావాలా?

కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ నిబంధనలు ట్రైలర్లకి కూడా వర్తిస్తాయి. షెడ్డులో అడ్వాన్సు ఇవ్వకముందే డ్రాయింగు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళండి. లాగే కారు మాన్యువల్‌లో ఎంత బరువు లాగచ్చని రాశారో, అసలు లాగచ్చని రాశారో లేదో ఆ పేజీ కూడా ఫోటో తీసి వెంట తీసుకెళ్ళండి, ఇన్సూరెన్సువాళ్ళు అడిగినా అదే కావాలి.